టెక్సస్ ఓడ ఎక్కే ముందు: 1845 నాటి జర్మన్ వలస కుటుంబానికి జాగ్రత్తలు

1845 అక్టోబర్ నుంచి 1846 ఏప్రిల్ దాకా, ఏడు నెలల్లో, 5,257 మంది జర్మన్లను ఒకే సంఘం టెక్సస్‌కు చేర్చింది. వాళ్ళలో ఎక్కువమంది సముద్రం దాటేసరికి బాగానే ఉన్నారు. తీరంలో దిగాక, తమదని చెప్పిన పొలం చూడకుండానే వందల మంది పోయారు. జాగ్రత్త పడవలసిన చోటు సముద్రం కాదు. ఓడ దిగిన ఇసుక ఒడ్డుకూ ఇల్లు కట్టుకునే నేలకూ మధ్య ఉన్న సుమారు 150 మైళ్ళ దారి. ఆ ఏడు జర్మనీలోని బ్రెమెన్ రేవులో పెట్టెలు కట్టుకుంటున్న కుటుంబం ఏం అడగాలి, ఏం దగ్గర ఉంచుకోవాలి, ఎక్కడ ఆగకూడదు అన్నవి, తర్వాత జరిగిందంతా తెలిసిన వాళ్ళంగా ఇక్కడ రాస్తున్నాం.

సంతకం పెట్టే ముందు

టెక్సస్‌లో జర్మన్ వలసదారుల రక్షణ సంఘాన్ని 1842 ఏప్రిల్ 20న రైన్ నది ఒడ్డున బీబ్రిచ్‌లో కొందరు ప్రభువులు మొదలుపెట్టారు. ఆడెల్స్‌ఫెరైన్ (ప్రభువుల సంఘం) అన్నది దీన్నే. షరతులు చూడటానికి బాగుంటాయి. ఒంటరి మగవాడు 300 గుల్డెన్లు (120 డాలర్లు), కుటుంబం 600 గుల్డెన్లు (240 డాలర్లు) కట్టాలి. బదులుగా ఓడ ప్రయాణం, రేవు నుంచి కాలనీ దాకా బండి, దుంగల ఇల్లు, మొదటి పంట వచ్చేదాకా తిండిసరుకులు, పనిముట్లు సంఘమే చూస్తుంది. భూమి ఒంటరివాడికి 160 ఎకరాలు, కుటుంబానికి 320.

ముందు సంఘం దగ్గర ఎంత డబ్బుందో లెక్క వేయాలి. మూలధనం 2,00,000 గుల్డెన్లు, అంటే 80,000 డాలర్లు. పైన చెప్పిన 5,257 మందికి పంచితే తలకు పదిహేను డాలర్లు. వలసదారులు కట్టిన సొమ్ము కలిపినా ఓడ, బండి, ఇల్లు, ఆరు నెలల తిండి అన్నిటికీ చాలదు. పైగా ఆ మూలధనంలో కొంత అప్పటికే ఖర్చయింది: 1843లో ఫాయెట్ కౌంటీలో నాసౌ ఫార్మ్ అనే 4,428 ఎకరాల తోట కొన్నారు. 1845 మేలో మాయిసెబాఖ్, టెక్సస్‌లో సంఘం పనులు చూసే కొత్త కమిషనర్‌గా వచ్చి చూస్తే సంఘం అప్పు దాదాపు 20,000 డాలర్లు. టెక్సస్ వెళ్ళి స్వయంగా చూసొచ్చిన కౌంట్ బోస్-వాల్డెక్, ఈ డబ్బుతో పెద్ద ఎత్తున వలస పెట్టుకోవద్దని ముందే చెప్పాడు. ఏ సంఘంలోనైనా వద్దన్నవాడు ఎవరో, ఎందుకన్నాడో కనుక్కోవాలి. కరపత్రంలో అది ఉండదు.

రెండో ప్రశ్న భూమి గురించి. 320 ఎకరాలు ఎక్కడ? 1844 జూన్‌లో ఫిషర్, మిల్లర్ అనే ఇద్దరి దగ్గర సంఘం కొన్నది భూమి కాదు, లానో, కొలరాడో నదుల మధ్య ముప్పై లక్షల ఎకరాలకు పైగా ఉన్న ప్రాంతంలో జనాన్ని దింపే హక్కు. దానికి గడువూ ఉంది. ఆ నేల కమాంచీలనే స్థానిక తెగ వేట ప్రాంతం. తీరానికి చాలా దూరం, సర్వే కాలేదు, చాలాచోట్ల రాళ్ళు. సంఘం మొదటి కమిషనర్ జనరల్ ప్రిన్స్ కార్ల్ ఆఫ్ సోల్మ్స్-బ్రౌన్‌ఫెల్స్ అక్కడ కాలు పెట్టలేదు. ‘దీన్ని ఎవరు నడిచి చూశారు? ఎవరు కొలిచారు?’ అని అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి. రాకపోతే 320 ఎకరాలను లెక్కలోకి తీసుకోకుండా ఇంటి ఖర్చు వేసుకోవాలి.

ఉన్నదంతా అమ్మి సంఘం ఖజానాలో జమ చేయకూడదు. సంఘం బండి పంపకపోతే ఒక బండి, రెండు మూడు కాడి ఎడ్లు వాటాగా కొనగలిగేంత సొమ్ము దగ్గర ఉండాలి. నాలుగు కుటుంబాలు ఓడ ఎక్కకముందే దీనికోసం ఒప్పందం చేసుకుంటే మంచిది. సొమ్ము బంగారు, వెండి నాణేలుగానే ఉంచుకోవాలి. విడి దేశంగా ఉన్నప్పుడు టెక్సస్ రిపబ్లిక్ అచ్చేసిన నోట్లు విలువ పోగొట్టుకున్నాయి, అమెరికన్ బ్యాంకుల కాగితాలు ఊరు మారితే చెల్లవు.

ఎప్పుడు బయలుదేరాలి

బ్రెమెన్ నుంచి టెక్సస్ రేవు గాల్వెస్టన్‌కు రెండు నెలలు, గాలి అనుకూలించకపోతే ఇంకా ఎక్కువ. వేసవిలో దిగితే రేవులో పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) భయం. డిసెంబర్, జనవరిలో దిగితే వానలు. ఆగస్టులో ఎక్కి అక్టోబర్‌లో దిగి, దారులు బురద కాకముందే లోపలికి వెళ్ళిపోవడం ఉత్తమం. అలా వెళ్తే ఫిబ్రవరి చివర, మార్చిలో మొక్కజొన్న విత్తే వేళకు నేల మీద ఉంటారు. ఒక నెల ఆలస్యమైతే ఒక పంట పోతుంది. పంట పోతే ఏడాదంతా అప్పు తిండే.

ఓడ విషయంలో బ్రెమెన్ నయం. 1832 నుంచి అక్కడి చట్టం ప్రకారం ఓడ యజమాని 90 రోజుల తిండి ఎక్కించాలి, ఓడ ప్రయాణానికి పనికొస్తుందని చూపించాలి, ప్రయాణికుల జాబితా రాయాలి. ఇతర రేవుల నుంచి వెళ్ళేవాళ్ళు తిండి ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

పెట్టెలు రెండు రకాలుగా కట్టాలి. ఓడ అడుగుకు వెళ్ళిన పెట్టె దిగేదాకా కనబడదు. దిగాక కూడా ఒడ్డున గుట్టలో పడి ఉండొచ్చు. దగ్గర ఉంచుకునే చిన్న పెట్టెలో ఉన్ని దుప్పట్లు, ఒక్కో మనిషికి ఒక జత గట్టి బూట్లు, వంట గిన్నె, గొడ్డలి తల, గుడారం గుడ్డ, విత్తనాలు, కాగితాలు ఉండాలి. బీరువాలు, బల్లలు తేవద్దు. అవి దారిలో పారేసి వెళ్ళిన బరువులు.

ఇండియన్ పాయింట్ ఒడ్డు

అసలు ప్రమాదం ఇక్కడే. గాల్వెస్టన్‌లో దిగినవాళ్ళను చిన్న ఓడల్లో మటగోర్డా బేలోని ఇండియన్ పాయింట్ ఒడ్డుకు తెచ్చి దింపేవారు. కార్ల్స్‌హాఫెన్ అని పేరు పెట్టారు గానీ అక్కడ ఊరు లేదు. గవ్వల ఇసుక, గాలి, నీటి మడుగులు. కట్టెలకు చెట్లు లేవు. 1845-46 శీతాకాలంలో వేల మంది గుడారాల్లో, ఇసుకలో తవ్విన గుంటల్లో ఉండిపోయారు. 1846 మేలో మెక్సికోతో యుద్ధం మొదలైంది. సైన్యం ఎక్కువ కూలి ఇస్తే, సంఘంతో ఒప్పుకున్న బండ్లవాళ్ళు అటు వెళ్ళిపోయారు. ఎడ్లు లేవు, డబ్బు లేదు, వేసవి వచ్చింది. రక్త విరేచనాలు, జ్వరాలు గుడారం నుంచి గుడారానికి పాకాయి.

కాబట్టి ఈ ఒడ్డున ఆగాల్సి వస్తే మొదటి రోజే చేయాల్సినవి:

నీటి గుంట ఎత్తు వైపు తవ్వుకోవాలి, మరుగు దొడ్డి గుంట దానికి వీలైనంత దూరంగా, పల్లం వైపు. ఇసుకలో లోతు తక్కువ గుంటల్లోకి మురికి త్వరగా ఊరుతుంది. వందల మంది ఉన్నచోట పాత గుంట వాడకూడదు. నీళ్ళు మరిగించే తాగాలి, కాఫీగానైనా సరే. దీనికి కట్టెలు కావాలి, అవే అక్కడ దొరకవు. అందుకే ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రలు పోగేయడం పిల్లలకు రోజూ పనిగా పెట్టాలి.

ఉత్తర గాలికి సిద్ధంగా ఉండాలి. మధ్యాహ్నం చెమట పోస్తుంది, గంటలో వణికించే చలి దిగుతుంది. గుడారం వాకిలి ఉత్తరానికి ఉండకూడదు. తడి బట్టలు కట్టుకుని పడుకోకూడదు.

ఉప్పు మాంసం, గట్టి రొట్టె మీద నెలలు గడిస్తే చిగుళ్ళు వాచి నెత్తురు కారుతుంది, పాత గాయాలు తెరుచుకుంటాయి. సంఘం లోపలి వైపు పెట్టిన ఊరు ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో కూడా 1846-47లో స్కర్వీ లాంటి ఈ జబ్బు చాలామందిని తీసుకుపోయింది. పులియబెట్టిన క్యాబేజీ డబ్బా ఉంటే ఆఖరుదాకా పొదుపు చేయాలి. ముల్లంగి, ఆకుకూరల విత్తనాలు చేతిపెట్టెలో ఉంటే ఆగిన చోటే చల్లొచ్చు. ముల్లంగి నాలుగైదు వారాల్లో చేతికొస్తుంది.

వీటన్నిటికంటే ముఖ్యం, అక్కడ ఎదురుచూస్తూ కూర్చోకపోవడం. రెండు వారాల్లో బండి రాకపోతే చేతనైనవాళ్ళు దారిలోని విక్టోరియా ఊరి దాకా నడిచి, అక్కడ కూలి చూసుకుని, బండి కొని వెనక్కి రావాలి. సంఘం అధికారి ‘వచ్చే వారం’ అన్నమాట మీద నెలల తరబడి ఉన్న కుటుంబాలే ఎక్కువ నష్టపోయాయి.

పిల్లల మాట ఓడ ఎక్కకముందే తేల్చుకోవాలి. తల్లిదండ్రులిద్దరూ పోయిన కుటుంబాలు ఉన్నాయి. సంఘం పెట్టిన మొదటి ఊరు న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో పాస్టర్ ఎర్వెన్‌బర్గ్ అనాథలను చేరదీయాల్సి వచ్చింది. మన పిల్లలను ఏ కుటుంబం తీసుకుంటుంది, వాళ్ళ పిల్లలను మనం తీసుకుంటామా అన్నది సాక్షులతో రాసి, పిల్లవాడి పేరు, పుట్టిన ఊరు, తండ్రి కట్టిన గుల్డెన్ల రసీదు వివరం ఒక గుడ్డసంచిలో బట్టలకు కుట్టాలి. భూమి హక్కు అడగాలంటే ఆ కాగితమే ఆధారం.

బండి దారి

విక్టోరియా, గొంజాలెస్, సెగీన్ మీదుగా గ్వాడలూప్ నది వెంట దారి. నేల చాలాచోట్ల మన నల్లరేగడి లాంటిదే: ఎండితే నెరలు, తడిస్తే చక్రానికి ఇరుసు దాకా అంటుకునే బంక. పొడి నేల మీద ఎడ్ల బండి రోజుకు పది, పన్నెండు మైళ్ళు పోతుంది. వాన పడ్డాక రెండు మైళ్ళకే ఎడ్లు కూలబడతాయి. బరువు సగం దించి రెండు సార్లు తోలడం మేలు. ఇరుసుకు పూసే కొవ్వు, ఒక అదనపు ఇరుసు కర్ర, తాళ్ళు, గడ్డపార బండిలో ఉండాలి. నది పొంగి ఉంటే ఎత్తు గట్టున ఆగాలి, రేవు దిగువన కాదు. జబ్బు మనిషిని దారిలో ఒంటరిగా వదిలి వెళ్ళకూడదు. అలా వదిలిన వాళ్ళెవరూ తిరిగి కలవలేదని అనలేం గానీ, దారి పొడవునా సమాధులు మిగిలాయి.

ఒకరిద్దరుగా బయటకు వెళ్ళకూడదు. 1845 అక్టోబర్‌లో సంఘం అధికారులు ఫాన్ వ్రేడె, ఫాన్ క్లారెన్ ఆస్టిన్ దగ్గర దాడిలో చనిపోయింది అలాంటి ప్రయాణంలోనే.

నేల మీద మొదటి నెలలు

న్యూ బ్రౌన్‌ఫెల్స్ 1845 మార్చి 21న వెలిసింది. కోమాల్ ఊటల దగ్గర 1,265 ఎకరాలను సంఘం 1,111 డాలర్లకు కొన్నది. ఇక్కడ అర ఎకరం ఇంటి స్థలం, పది ఎకరాల పొలం ఇస్తామంటే తీసుకోండి. దొరకని 320 ఎకరాల కంటే ఊట నీళ్ళు, పొరుగు ఉన్న పది ఎకరాలు విలువైనవి.

విత్తే ముందు కంచె. టెక్సస్‌లో పశువులు విడిగా తిరుగుతాయి, కాపాడుకోవాల్సినవాడు పంట వేసినవాడే. పది ఎకరాల చదరం చుట్టూ 2,640 అడుగులు. దుంగలను వంకరటింకరగా పేర్చే కంచె ఎనిమిది వరుసలు వేస్తే 2,600 చీల్చిన దుంగలు కావాలి. రోజుకు వంద చీల్చినా ఒకడికి నెల పని, అందుకే నాలుగు పొలాలకు కలిపి ఒకే కంచె వేసుకోవాలి. మొదటి ఏడు గడ్డినేల దున్నడం ఒక జత ఎడ్ల వల్ల కాదు. గొడ్డలితో పచ్చిక చీల్చి ఆ నెర్రెలో మొక్కజొన్న గింజ వేసి తొక్కితే పంట పలచగానైనా వస్తుంది. కోతకు ఇరవై వారాలు. పెద్దవాడికి వారానికి ఐదున్నర కిలోల పిండి లెక్కన తలకు 110 కిలోలు ముందే సమకూర్చుకోవాలి.

ఫ్రెడరిక్స్‌బర్గ్‌కు మొదటి బండ్లు 1846 ఏప్రిల్ 23న కదిలి పదహారో రోజున, మే 8న చేరాయి. అక్కడి నుంచి లానో దాటి, ఫిషర్, మిల్లర్ దగ్గర హక్కు కొన్న గ్రాంటు భూమికి పోవాలంటే 1847 మేలో మాయిసెబాఖ్, కమాంచీ నాయకుల ఒప్పందం అయ్యేదాకా ఆగడం తప్పనిసరి. 3,000 డాలర్ల కానుకలతో కుదిరిన ఆ మాటను రెండు వైపులా నిలబెట్టుకున్నారు. ఆ తర్వాత కూడా నదికి దగ్గరగా, కనీసం పదిహేను ఇరవై కుటుంబాలతో, దుక్కి తెలిసినవాళ్ళతోనే వెళ్ళాలి. లానో ఒడ్డున వెలిసిన ఐదు ఊళ్ళలో చదువుకున్న యువకులు పెట్టిన బెట్టినా ఏడాదిలోనే చెదిరిపోయింది. ఏ పని ఎవరిదో నిర్ణయించుకోకుండా వెళ్ళారు, దుక్కి వెనక్కు పడింది. ఆ ఐదింటిలో ఈనాటికీ ఊరుగా మిగిలింది కాస్టెల్ ఒక్కటే.