వీలునామా రాయాలంటే: చిన్న ఊళ్లో ఎవరిని అడగాలి, ఏం చూసుకోవాలి

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద, తెలుగులో, సొంత చేతిరాతతో రాసుకున్నా చెల్లుతుంది. నోటరీ ముద్ర వేయించినంత మాత్రాన దానికి కొత్త బలం రాదు. రిజిస్ట్రేషన్ మంచిదే కానీ తప్పనిసరి కాదు. చట్టం గట్టిగా పట్టుబట్టేది సాక్షుల దగ్గరే. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులుండాలి. రాసినవారు సంతకం పెట్టడమో వేలిముద్ర వేయడమో వాళ్లు కళ్లారా చూడాలి, లేదా ‘ఇది నా సంతకమే’ అని ఆయన నోటినుంచి వినాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే తామూ సంతకం చేయాలి. ముస్లింలకు నియమాలు వేరు: అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతుకు మించి రాయాలంటే వారసుల సమ్మతి కావాలి.

రాయడానికి కూర్చోకముందు ఆస్తి ఎవరిదో తేల్చుకోండి. స్వార్జితమైతే ఎవరికైనా రాయొచ్చు. పిత్రార్జితంలో మీ వాటా వరకే మీకు హక్కు. 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. అందుకే ‘తాతల భూమి మొత్తం కొడుకులకే’ అని రాసిన వీలునామా ఆ తండ్రి వాటా మేరకే పనిచేస్తుంది.

పిల్లలు లేని హిందూ వితంతువులు వీలునామా తప్పక రాయాలి. రాయకుండా పోతే ఆమె సొంతంగా సంపాదించుకున్నది కూడా కన్నవాళ్లకంటే ముందు భర్త వారసులకు వెళ్తుంది. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చింది మాత్రమే తండ్రి వారసులకు తిరిగి చేరుతుంది. అక్కచెల్లెళ్లకో, పెంచుకున్న మేనకోడలికో ఇవ్వాలనుకునే ఆడవాళ్లు ఈ పని వాయిదా వేయకూడదు.

కాగితాల్లో ముందుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం, తీయించండి. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదు పక్కన పెట్టుకుని పేర్లు, విస్తీర్ణం సరిపోతున్నాయో లేదో చూడండి. ‘ఊరి పడమర చేను పెద్దవాడికి’ అని రాస్తే రేపు అది ఏ చేనో తేల్చడానికే ఏళ్లు పడుతుంది. సర్వే నంబరు, సబ్ డివిజన్ నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, ఆస్తి మీకు వచ్చిన దస్తావేజు నంబరు, సంవత్సరం ఇవన్నీ రాయాలి. కింది మూడు వాక్యాలు కూడా మర్చిపోవద్దు: ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు, ఇందులో చెప్పని ఆస్తీ, ఇకపై వచ్చే ఆస్తీ ఫలానావారికి, ఫలానావారు నాకంటే ముందే పోతే వారి వాటా ఇంకెవరికి.

ప్రతి పేజీకి నంబరు వేసి సంతకం చేయండి. కొట్టివేత ఉంటే దాని పక్కన మీరూ సాక్షులూ సంతకం పెట్టాలి. పెద్ద దిద్దుబాటైతే కొత్త కాగితం మీద మళ్లీ రాయడం మేలు. చదువు రానివారి విషయంలో ‘చదివి వినిపించగా విని, సరేనని ఒప్పుకుని వేలిముద్ర వేశారు’ అన్న మాట చివర ఉండాలి. నిజంగా చదివి వినిపించాలి కూడా.

ఇక సాక్షులు. వీలునామా మీద గొడవ వచ్చిందంటే కనీసం ఒక సాక్షి బోనెక్కి చెప్పాలి. రిజిస్టరైన వీలునామాకూ ఇదే నియమం. కాబట్టి మీ ఈడు స్నేహితులు వద్దు. మీకంటే పదిహేను ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు, ఊరు విడిచి వెళ్లే అవకాశం తక్కువున్నవాళ్లు కావాలి. ఆస్తి పొందేవాళ్లను, వాళ్ల భార్యాభర్తలను సాక్షులుగా పెట్టొద్దు. రాసిన దస్తావేజు లేఖరి ‘రాసినవారు’ అని చేసే సంతకం దానంతటదే సాక్షి సంతకం కాదు. ఆయన్ని రెండో సాక్షిగా లెక్కేసుకుని ఒక్కరితోనే ముగించిన వీలునామా కోర్టులో పడిపోవచ్చు. వయసు మీరినవాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్లు వైద్యం చేస్తున్న డాక్టరునే ఒక సాక్షిగా పెట్టుకుంటే తెలివిలో ఉండే రాశారనడానికి అంతకంటే మంచి ఆధారం దొరకదు.

అనుమానం తెప్పించే పరిస్థితులుంటే వాటిని తొలగించే బాధ్యత వీలునామాను ముందుకు తెచ్చినవారిదేనని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. లాభపడే కొడుకే వకీలును కుదిర్చి, కారెక్కించి, పక్కన కూర్చుని రాయిస్తే అదే పెద్ద అనుమానం. ఒక బిడ్డకు ఏమీ ఇవ్వకపోతే కారణం ఒక్క వాక్యంలో రాయండి: ‘పెద్దమ్మాయికి పెళ్లప్పుడే ఇల్లు ఇచ్చాను’. నిందలు మాత్రం వద్దు.

రిజిస్ట్రేషన్ చేయిస్తే కాగితం పోతుందన్న భయం, ఎవరైనా మార్చేస్తారన్న భయం ఉండవు. చిన్న ఊళ్లో ‘విషయం బయటికి పొక్కుతుందేమో’ అన్న జంకు సహజం. వీలునామాలు 3వ నంబరు పుస్తకంలో నమోదవుతాయి. మీరు బతికుండగా వాటి నకలు మీకో, మీరు నియమించిన ప్రతినిధికో తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. మంచం పట్టినవాళ్లు తగిన కారణం చూపి దరఖాస్తు పెడితే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వస్తారు. రిజిస్టరైనదాన్ని కూడా తర్వాత మార్చుకోవచ్చు. సరిగ్గా రాసిన ఆఖరి వీలునామాయే చెల్లుతుంది.

‘ఇప్పుడే దాన సెటిల్‌మెంట్ చేసేయండి’ అని పిల్లలు ఒత్తిడి తెస్తే ఆగి ఆలోచించండి. వీలునామా మీ తర్వాతే అమల్లోకి వస్తుంది, దాన దస్తావేజుతో హక్కు వెంటనే చేయి దాటిపోతుంది. తప్పదనుకుంటే, తిండి, ఇల్లు, వైద్యం చూసుకోవాలన్న షరతును దస్తావేజులోనే రాయించండి. పిల్లలు ఆ షరతు తప్పితే అరవై నిండినవాళ్లు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద రద్దు కోరవచ్చు. ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టాలి. నోటిమాట షరతును రుజువు చేయడం చాలా కష్టం.

ఇవన్నీ ఎవరితో చేయించాలి? ఒకే ఇల్లు, ఇద్దరు పిల్లలు, తగాదా లేని కుటుంబమైతే అనుభవమున్న దస్తావేజు లేఖరి చాలు. అయితే వకీలు మీ రహస్యం బయటపెట్టకూడదని సాక్ష్యాధారాల చట్టం (ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం) కట్టడి చేస్తుంది. లేఖరికి ఆ కట్టడి లేదు. పిత్రార్జితం కలిసినా, రెండో పెళ్లి సంతానం ఉన్నా, ఎవరినైనా పక్కనపెట్టాలనుకున్నా వకీలు దగ్గరికే వెళ్లండి. చిన్న కోర్టులో వకీళ్లు కొద్దిమందే ఉంటారు కాబట్టి ఆయనే మీ తమ్ముడి కేసో, పక్క పొలంవారి కేసో చూస్తూ ఉండొచ్చు. మొదటి మాటే అది కావాలి: ‘మా కుటుంబంలో ఎవరి పనైనా చూస్తున్నారా?’ అవునంటే పక్క ఊరి కోర్టుకు వెళ్లడంలో తప్పు లేదు. ముసాయిదాకు ఎంత, రిజిస్ట్రేషన్‌కు వెంట వస్తే ఎంత అని విడివిడిగా అడిగి, రసీదు తీసుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం ఎవరికీ ఇవ్వొద్దు. ముసాయిదా ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు చదవండి.

డబ్బు కట్టలేనివారు కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయ సేవా కమిటీని అడగాలి, లేదా 15100కు ఫోన్ చేయాలి. 1987 నాటి న్యాయ సేవా ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సాయానికి అర్హులు. మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. వాటాల తగాదా అప్పటికే రాజుకుని ఉంటే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అంగీకరించే ముందే ప్రతి అంకె సరిచూసుకోండి.

బ్యాంకు నామినీ పేరు కూడా ఒకసారి చూడండి. ఖాతాలో నామినీ డబ్బు తీసుకుని వారసులకు అప్పగించాల్సినవాడే తప్ప యజమాని కాడు. నామినీ ఒకరు, వీలునామాలో పేరు ఇంకొకరిది అయితే తగవు మీరు పెట్టి వెళ్లినట్టే. అసలు కాగితం ఎక్కడుందో అమలు చేయాల్సిన మనిషికి చెప్పండి. వీలునామాలో రాసిన పొలం తర్వాత అమ్మేశారంటే ఆ భాగం పొందాల్సినవారికి ఏమీ మిగలదు. అమ్మిన నెలలోపే కొత్త వీలునామా రాయండి.