బ్యాచ్‌లో కలిసి పని చేయడం – 3వ పాఠం: విన్నది తిరిగి చెప్పడం

పోయిన పాఠంలో ఎవరి పని ఏదో కాగితం మీద రాసుకున్నాం కదా. రాసుకున్నా గొడవలు వస్తాయి, ఎందుకంటే ఒకరు "చెప్పాను" అనుకుంటారు, ఇంకొకరు "విన్నాను" అనుకుంటారు, రెండూ ఒకటే విషయమా అని ఎవరూ చూడరు.

రైల్వేవాళ్లు దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. కొన్ని లెవెల్ క్రాసింగ్‌ల దగ్గర రైలు వస్తోందని స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తే, గేట్‌మన్ "సరే సార్" అంటే సరిపోదు. గేటు వేసి, తన దగ్గరున్న షీట్‌లోంచి ఒక ప్రైవేట్ నంబర్ చెప్పాలి, స్టేషన్ మాస్టర్ దాన్ని రిజిస్టర్‌లో రాసుకోవాలి. ఆ నంబర్ వచ్చేదాకా గేటు పడినట్టు లెక్క కాదు.

ఈ జాగ్రత్త లేక పెద్ద పెద్దవాళ్లే దెబ్బ తిన్నారు. 1999 సెప్టెంబర్ 23న నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక అంగారకుడి దగ్గర పోయింది. దాన్ని తయారుచేసిన లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్ బలం లెక్కలు పౌండ్ ఫోర్స్‌లో ఇస్తే, దారి చూసే నావిగేషన్ టీమ్ వాటిని న్యూటన్లు అనుకుంది. ఒక పౌండ్ ఫోర్స్ అంటే దాదాపు 4.45 న్యూటన్లు. సుమారు 226 కిలోమీటర్ల ఎత్తులో వెళ్లాల్సింది 57 దాకా దిగిపోయిందని తర్వాత తేలింది. నన్ను ఎక్కువ బాధపెట్టేది యూనిట్ల పొరపాటు కాదు, లెక్క ఎక్కడో తేడాగా ఉందని దారిలోనే కొందరికి అనుమానం వచ్చినా అది పద్ధతిగా పైదాకా వెళ్లి తేలకపోవడం.

నా మినీ ప్రాజెక్ట్‌లోనూ ఇదే జరిగింది. సెన్సర్ 5 వోల్టులు ఇస్తుంది, మన బోర్డు 3.3 మాత్రమే తట్టుకుంటుంది, మధ్యలో తగ్గించాలి అని ఫ్రెండ్ ఫోన్‌లో చెప్పాడు. "సరే రా" అన్నాను. తగ్గించేది వాడే అని నేను, నేనే అని వాడు. రివ్యూ ముందురోజు రాత్రి బోర్డు కాలిపోయింది.

కాబట్టి ఈ వారం మీ గ్రూప్‌లో "సరే", "ఓకే", బొటనవేలి గుర్తు బంద్. పని అందుకున్నవాళ్లు సొంత మాటల్లో తిరిగి రాయాలి: ఏం చేస్తున్నాను, ఏ యూనిట్‌లో లేదా ఏ ఫైల్‌లో, ఎప్పటికి. "రీడింగ్స్ సెంటీమీటర్లలో, సెకనుకి ఒకటి, గురువారం సాయంత్రం 6కి నీకు పంపిస్తా, గ్రాఫ్ నువ్వు గీస్తావు, అంతేనా?" అని. ఆ చివరి "అంతేనా" తప్పకుండా ఉండాలి, అవతలివాళ్లు సవరించే వీలు అక్కడే ఉంటుంది. ఎవరైనా తప్పుగా తిరిగి చెబితే "అదే కదా నేను మొత్తుకుంది" అనకండి, ఒక్కసారి అలా అంటే రెండోసారి ఎవరూ తిరిగి చెప్పరు.

ప్రాజెక్ట్ గైడ్ దగ్గర ఇది ఇంకా కష్టం, తెలుసు. "అర్థమైందా?" అంటే క్లాసంతా "అర్థమైంది సార్" అనడం చిన్నప్పటి నుంచీ అలవాటైపోయింది మనకి. లేచి వచ్చేముందు "సార్, నేను మూడు మార్పులు రాసుకున్నాను, ఒకసారి చదువుతాను, తప్పుంటే చెప్పండి" అనండి. మొదటిసారి టెన్షన్‌గానే ఉంటుంది. మహా అయితే ఒక నిమిషం పని.

ఆదివారం కూర్చుని ఆ మెసేజ్‌లన్నీ పైనుంచి చదివి, "అంతేనా" తర్వాత ఎన్నిసార్లు సవరణ వచ్చిందో, ఏ విషయంలో వచ్చిందో రాసుకోండి. 4వ పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడదాం.