కార్బిన్ తోపా స్టార్మర్ తోపా: బ్రిటన్ ప్రతిపక్ష నేత మీద వాదనకి దిగేవాళ్ళకి

యూకేలో ఉన్న మనోళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ప్రతిపక్ష నేత మీద గొడవ ఎప్పుడూ ఒకేలా మొదలవుద్ది. "ఆయనకి జనంలో పేరే లేదండీ" అని ఒకరు, "పార్లమెంట్‌లో ఉతికి ఆరేస్తున్నాడు కదా" అని ఇంకొకరు. ఒకాయన మాట్లాడేది పేరు గురించి, ఇంకొకాయన మాట్లాడేది పని గురించి, రెండూ కలిపేసి అర్ధరాత్రి దాకా లాగుతారు. అందుకే లెక్కలు తియ్యకముందే ఒక ప్రశ్న వెయ్యండి: "పాపులర్ అంటే ఎవరి దగ్గర అన్నా?"

దీనికి అప్పట్లో ప్రతిపక్షంలో ఉన్న లేబర్ పార్టీ నేత జెరెమీ కార్బిన్ కథ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. 2016 జూన్‌లో ఆయన సొంత లేబర్ ఎంపీలే అవిశ్వాసం పెడితే 172 మంది ఆయన వద్దన్నారు, 40 మందే కావాలన్నారు. మూడు నెలలు తిరక్కుండానే పార్టీ సభ్యులు ఓటేసి 61.8 శాతంతో మళ్ళీ ఆయన్నే కూర్చోబెట్టారు. ఎంపీల దగ్గర ఒక మార్కు, కార్యకర్తల దగ్గర ఒక మార్కు, మామూలు ఓటర్ దగ్గర ఇంకో మార్కు. మన దగ్గర సభకి జనం ఎంతమంది వచ్చారో చూసి గెలుపు చెప్పేసే అలవాటు ఉంది కదా, అది ఇక్కడ పెట్టకండి. కార్బిన్ సభలకి బిర్యానీ పొట్లాలు లేకుండానే వేలమంది వచ్చారు, అయినా 2019లో లేబర్‌కి వచ్చినవి 202 సీట్లు, 1935 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు.

ఇక సర్వేలు. ఎవరైనా "నెట్ రేటింగ్ మైనస్ పది" (బాగున్నాడన్న శాతంలోంచి బాలేడన్న శాతం తీసేస్తే వచ్చేది) అని విసిరితే అక్కడే ఆపి, లోపల ఏముందో చూపించమనండి. 20 మంది బాగున్నాడని, 30 మంది బాలేడని, మిగతా 50 మంది తెలీదని అన్నా మైనస్ పదే, 43 మంది బాగున్నాడని 53 మంది బాలేడని అన్నా మైనస్ పదే. మొదటాయన ఎవరో జనానికి ఇంకా తెలీదు, రెండో ఆయన మీద అందరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు, కొత్తగా పార్టీ పగ్గాలు పట్టిన నాయకుడి విషయంలో ఈ తేడా చూడకపోతే వాదన మొత్తం గాల్లోనే. ఇంకోటి, సర్వే కంపెనీల్లో ఇప్సోస్ అడిగేది పనితీరుతో సంతృప్తిగా ఉన్నారా అని, యూగవ్ ఎక్కువగా అడిగేది ఆ మనిషి మీద మంచి అభిప్రాయం ఉందా లేదా అని, ఈ రెండిట్నీ పక్కపక్కన పెట్టి "పడిపోయాడు చూశారా" అనేవాళ్ళని నమ్మకండి. అసంతృప్తి అన్నవాళ్ళంతా ఓటెయ్యరని కూడా కాదు, సొంత పార్టీ వాడే తిట్టి తిట్టి ఆఖరికి అదే గుర్తు మీద వేసి వస్తాడు. అలాగని రేటింగ్ ఊరికే పోదు. 2019 సెప్టెంబర్ ఇప్సోస్ సర్వేలో కార్బిన్‌తో సంతృప్తి 16 శాతం, అసంతృప్తి 76 శాతం, అంటే మైనస్ 60, మూడు నెలల్లో ఫలితం మీకు తెలిసిందే. కానీ 1979లో ప్రతిపక్ష నేత మార్గరెట్ థాచర్ కంటే ప్రధాని కాలహాన్‌నే జనం ఎక్కువ ఇష్టపడ్డారు, గెలిచింది మాత్రం థాచర్.

పనితీరు దగ్గరికొస్తే అందరూ బుధవారం క్లిప్పులు పట్టుకొస్తారు. పార్లమెంట్‌లో మధ్యాహ్నం పన్నెండుకి ప్రధానిని ప్రశ్నలడిగే అరగంట, అందులో ప్రతిపక్ష నేతకి ఆరు ప్రశ్నలు. చూడ్డానికి భలే ఉంటది, నేనూ చూస్తా. కానీ అదే కొలబద్ద అయితే కన్సర్వేటివ్ ప్రతిపక్ష నేత విలియం హేగ్ ప్రధాని అయిపోవాలి, అప్పటి లేబర్ ప్రధాని టోనీ బ్లెయిర్‌కి చెమటలు పట్టించేవాడు ఆ అరగంటలో, తీరా 2001 ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లకి పెరిగింది ఒక్కటంటే ఒక్క సీటు. ప్రతిపక్ష నేత చేతిలో ఖజానా లేదు, చట్టం చేసే బలం లేదు, కాబట్టి చూడాల్సింది ప్రభుత్వం చేత ఏమైనా చేయించగలిగాడా, ఉప ఎన్నికలు, లోకల్ ఎన్నికల్లో సీట్లు వచ్చాయా, పార్టీ ఒక్క మాట మీద ఉందా అని. ఆయిల్, గ్యాస్ కంపెనీల అదనపు లాభాల మీద పన్ను వెయ్యాలని ప్రతిపక్షంలో ఉన్న లేబర్ 2022 జనవరిలో అడిగింది, మొదట వద్దన్న ప్రభుత్వమే మే నెలలో వేసింది, అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునాక్ పేరు మాత్రం వేరేది పెట్టాడు. ఇలాంటిది ఒక్కటి చూపిస్తే పది క్లిప్పుల పెట్టు.

అసలు పెద్ద గొడవ ఓట్ల దగ్గరే. కార్బిన్ అభిమాని చివర్లో తీసే అస్త్రం ఇదే: 2017లో ఓడిన లేబర్‌కి 1 కోటీ 28 లక్షల ఓట్లు, కార్బిన్ తర్వాత లేబర్ పగ్గాలు పట్టి 2024లో గెలిచిన స్టార్మర్‌కి 97 లక్షలు. లెక్క నిజమే, కాదనకండి. కానీ ఆ 2017లో ఎదుటి పక్షానికి 1 కోటీ 36 లక్షలు వచ్చాయని, 2024లో అదే కన్సర్వేటివ్ పార్టీ 68 లక్షలకి పడిపోయిందని, పక్క నుంచి నైజెల్ ఫరాజ్ పార్టీ రిఫార్మ్ 41 లక్షలు పట్టుకుపోయిందని చెప్పండి. నియోజకవర్గంలో ముందున్నవాడిదే సీటు, మన సిస్టమే ఇది, ఓట్లు చీలితే ఏమవుద్దో తెలుగువాడికి చెప్పాలా?

అప్పుడు అవతలాయన "అంటే స్టార్మర్‌ది లక్కేగా" అంటాడు. సగం ఒప్పుకోండి. 2021 మేలో లేబర్ కంచుకోట హార్ట్‌లీపూల్ ఉప ఎన్నికలో పోయింది, ప్రతిపక్షంలో ఉండి అధికార పార్టీకి సీటు పోగొట్టుకోవడం మామూలు దెబ్బ కాదు, తర్వాత పార్టీగేట్ (లాక్‌డౌన్‌లో ప్రధాని ఆఫీసులోనే పార్టీలు చేసుకున్న గొడవ), మార్కెట్లని కుదిపేసిన ప్రధాని లిజ్ ట్రస్ మినీ బడ్జెట్ రాకపోతే ఏమయ్యేదో. కానీ ప్రభుత్వం పడిపోతే ఆ లాభం దానంతటదే ప్రతిపక్షానికి రాదు. 2024 నవంబర్‌లో కెమీ బేడెనాక్ కన్సర్వేటివ్ నాయకురాలయ్యేసరికే లేబర్ మీద జనం మండిపడుతున్నారు, అయినా 2025 మే లోకల్ ఎన్నికల్లో ఆవిడ పార్టీకి ఆరొందలకి పైగా సీట్లు పోయాయి, ఆ కోపం ఫరాజ్ జేబులోకి వెళ్ళింది. లక్కు ఇద్దరికీ వచ్చింది, ఎవరు పట్టుకున్నారనేదే ప్రశ్న. దీనికి అవతలాయన దగ్గర జవాబుంటే వినండి, లేకపోతే గ్రూప్ మ్యూట్‌లో పెట్టి పడుకోండి.