తక్కువ సిమెంటు కాంక్రీటు – 4వ పాఠం: ఉప్పు ఎంత లోతుకు దిగింది?

నరసాపురం, అంతర్వేది వైపు రొయ్యల చెరువుల తూములు చూడండి. ముందు సన్నటి బీట, తర్వాత తుప్పు మరక, ఆపైన పెచ్చులు ఊడడం. సిమెంటు తక్కువ వేయడం వల్లే అలా అయిందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి ఉప్పు లోపలి ఇనప చువ్వ దాకా ఎంత వేగంగా చేరిందన్నది. దాన్నే ఈ పాఠంలో కొలుస్తాం.

100 మిల్లీమీటర్ల అచ్చులు ఆరు కావాలి. నాలుగు స్లాగు (ఇనుము కొలిమిలో మిగిలే చిట్టెం) దిమ్మలకు: సిమెంటు 900 గ్రాములు, మెత్తని స్లాగు పొడి 900, ఇసుక 3.5 కిలోలు, 12 మి.మీ. కంకర 5.7 కిలోలు, నీళ్ళు 810 మిల్లీలీటర్లు, సూపర్‌ప్లాస్టిసైజర్ (నీళ్ళు పెంచకుండానే కాంక్రీటును జారుగా చేసే మందు) సుమారు 15 గ్రాములు. మిగతా రెంటికి ఇందులో సగం తీసుకుని, స్లాగు బదులు కూడా సిమెంటే (ఓపీసీ, అంటే ఏమీ కలపని మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) వేయండి. ఇసుక తడిగా ఉంటే ఆ తడిని నీళ్ళలోంచి తగ్గించాలి. కలిపేది మంచినీళ్ళే, చెరువు నీళ్ళు పోస్తే లెక్క మొదట్లోనే చెడుతుంది. గట్టిగా ఉందని ఇంకో గ్లాసెడు నీళ్ళు పోసే అలవాటు ఇక్కడ పనికిరాదు.

సిమెంటు దిమ్మలు రెండూ, స్లాగువి రెండూ 28 రోజులు నీళ్ళలో ఉంచండి. మిగతా రెండు స్లాగు దిమ్మల్ని మూడో రోజే తీసి నీడన ఆరబెట్టండి. మన దగ్గర మేస్త్రీలు సాధారణంగా చేసేది ఇదే కదా! స్లాగు నిదానంగా పనిచేస్తుంది. సిమెంటు విడిచిన సున్నం, తడి రెండూ దొరికితేనే రంధ్రాలు పూడతాయి. స్లాగు లాంటివి కలిపిన మిశ్రమ సిమెంట్లకు 14 రోజులు తడపడం మంచిదని కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఏడో రోజు బలం చూసి స్లాగును తీసిపారేయడం తొందరపాటు.

28వ రోజున ఒక్కో రకంలో ఒక దిమ్మ తీసుకోండి. అచ్చుకు ఆనిన పక్క ముఖం ఒక్కటి వదిలి, మిగతా అయిదింటికి ఎపాక్సీ (నీళ్ళు దిగనివ్వని రెసిన్) రెండు పూతలు వేయండి. ఆరాక, బరువు పెరగడం ఆగేదాకా సున్నపు నీటిలో నానబెట్టాలి. పొడి దిమ్మ ఉప్పునీటిని ఒక్కసారిగా పీల్చేస్తుంది, కొలత తప్పుతుంది. తర్వాత లీటరు ద్రావణంలో 165 గ్రాముల ఉప్పు ఉండేలా కలిపి, మూత పెట్టిన తొట్టెలో 35 రోజులు ముంచండి.

తీసి, పూత వేయని ముఖానికి లంబంగా ఉలితో చీల్చండి. నీళ్ళు కొట్టే రంపం వద్దు, ఉప్పు కడుక్కుపోతుంది. 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్లో 1.7 గ్రాముల సిల్వర్ నైట్రేట్ కరిగించి పిచికారీ చేయండి. గ్లవుజులు, కళ్ళద్దాలు తప్పనిసరి. చేతికి తగిలితే రోజుల తరబడి నల్లమచ్చ పోదు. ఉప్పు దిగినంత మేర తెల్లగా, ఆ లోపల గోధుమరంగుగా తేలుతుంది. అంచులు వదిలి అయిదు చోట్ల కొలిచి సగటు తీయండి.

బాగా నానిన స్లాగు దిమ్మలో తెల్లగీత అన్నిటికన్నా పైనే ఆగాలి. మూడు రోజులదానిలో లోతుకు దిగితే తప్పు స్లాగుది కాదు, తడపకపోవడానిది. అది కూడా పైనే ఆగితే ముందు మీ నీళ్ళ లెక్క సరిచూసుకోండి.

మిగిలిన మూడు దిమ్మల్ని ఉన్నచోటే ఉంచండి. సముద్రపు నీటిలో మెగ్నీషియం కూడా ఉంటుంది. సున్నం తక్కువైన కాంక్రీటులో అది నేరుగా కంకరను పట్టి ఉంచే సిమెంటు జిగురునే తినేస్తుంది. స్లాగు సున్నాన్ని వాడేసుకుంటుంది కాబట్టి దానికి అక్కడే చిక్కు. అయిదో పాఠంలో వాటిని మెగ్నీషియం సల్ఫేటులో వేస్తాం.