జట్టు ఓడుతోంది, కోచ్‌ని ఉంచాలా పీకేయాలా: సమస్య - పరిష్కారం

ప్రతి ఏడూ అక్టోబరు చివరికి ఇదే గోల. జట్టు వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడేసరికి సగం మంది "కోచ్‌ని పీకేయండి" అంటారు. మిగతా సగం "రీబిల్డ్ చేస్తున్నాడు, ఇంకో ఏడాది టైమివ్వండి" అంటారు. రెండు వర్గాలూ చూసేది గెలుపోటముల పట్టిక ఒక్కటే. జ్వరం ఎంతుందో చెప్పి, మలేరియానా టైఫాయిడా అన్నది చూడకుండానే మందు రాసేసే డాక్టరు దగ్గరికి మీరు వెళ్తారా?

ఇది అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి. ఎన్‌ఎఫ్‌ఎల్ (అక్కడి ప్రొఫెషనల్ లీగ్) కావచ్చు, మనవాళ్లు ఎమ్మెస్ చేసిన యూనివర్సిటీ జట్టు కావచ్చు. పంట్ అంటే బంతిని అవతలి జట్టుకి దూరంగా తన్ని అప్పగించడం; టచ్‌డౌన్ అంటే బంతిని అవతలి చివరికి చేర్చి 6 పాయింట్లు తెచ్చుకోవడం; ఎక్స్‌ట్రా పాయింట్ అంటే దాని తర్వాత ఒక పాయింటు కోసం తన్నే కిక్.

అన్నిటికంటే ముందు: క్వార్టర్‌బ్యాక్ ఎవరు?

నవ్వకండి. క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టు దాడిని నడిపే, బంతి విసిరే ఆటగాడు. ఎన్నిసార్లు చెప్పినా జనం దాటేసేది దీన్నే. జిమ్ కాల్డ్‌వెల్ 2009లో ఇండియానాపొలిస్ కోల్ట్స్‌ని 14-2తో (14 గెలుపులు, 2 ఓటములు) సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) దాకా తీసుకెళ్లాడు. 2011లో అదే కోచ్, అదే జట్టు, 2-14. మధ్యలో మారిందేమిటంటే, క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ మెడ ఆపరేషన్లతో సీజన్ మొత్తం బయటే కూర్చున్నాడు. కాల్డ్‌వెల్ ఉద్యోగం పోయింది.

దీనికి తిరగేసిన కేసు బిల్ బెలిచిక్. క్లీవ్‌లాండ్‌లో ఐదేళ్లలో గెలుపులు ఎక్కువున్న సీజన్ ఒక్కటే. న్యూ ఇంగ్లండ్‌కి వచ్చాక 2000లో 5-11, 2001లో మొదటి రెండూ ఓటమి. ఆ రెండో మ్యాచ్‌లో క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సోకి గట్టి దెబ్బ తగిలి టామ్ బ్రేడీ లోపలికొచ్చాడు. ఆ సీజన్ సూపర్ బౌల్ వాళ్లదే.

పరిష్కారం: అసలు క్వార్టర్‌బ్యాక్ గాయంతో పోయిన సీజన్‌ని కోచ్ ఖాతాలో రాయకండి. అలా కాకుండా, కోచ్ తనే ఏరికోరి తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ తేలిపోతే మాత్రం అది పూర్తిగా ఆయన ఖాతానే.

లక్షణం: మొదటి ఏడాది ఒకటో రెండో గెలుపులు

కారణం చాలాసార్లు, కొత్తగా కట్టడానికి పాత జట్టుని కూల్చివేయడమే. పిట్స్‌బర్గ్‌లో చక్ నోల్ 1969లో 1-13. శాన్ ఫ్రాన్సిస్కోలో బిల్ వాల్ష్ 1979లో 2-14. డాలస్‌లో జిమ్మీ జాన్సన్ 1989లో 1-15. ఉన్న ఒక్క స్టార్ హెర్షెల్ వాకర్‌ని కూడా సీజన్ మధ్యలో ఇచ్చేసి, బదులుగా బోలెడు డ్రాఫ్ట్ పిక్స్ (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే హక్కులు) తెచ్చుకున్నాడు. ముగ్గురూ ఆ తర్వాత సూపర్ బౌల్ గెలిచారు. అంతకు ముందు అదే డాలస్‌లో టామ్ లాండ్రీ నాలుగేళ్లలో 13 గెలిచి 38 ఓడితే, ఓనర్ క్లింట్ మర్చిసన్ 1964లో పదేళ్ల కాంట్రాక్టు చేతిలో పెట్టాడు. 1966 నుంచి వరసగా 20 సీజన్లు గెలుపులే ఎక్కువ.

ఓపిక పట్టమనేవాళ్లకి ఈ కథలన్నీ కంఠతా వచ్చు. హ్యూ జాక్సన్ కథ మాత్రం చెప్పరు. క్లీవ్‌లాండ్‌లో 2016లో 1-15, అయినా ఉంచారు. 2017లో 0-16, అయినా ఉంచారు. 2018 మధ్యలో పంపించేసరికి లెక్క 3-36-1 (చివరిది టై). జట్టుని కావాలనే ఖాళీ చేసి ఆయనకి ఇచ్చారన్నది నిజమే, కానీ అది మూడో ఏడాదికి పనికొచ్చే వాదన కాదు.

పరిష్కారం: మొదటి ఏడాది వదిలేయండి, రెండో ఏడాది కదలిక చూడండి. నోల్ గెలుపులు వరసగా 1, 5, 6, 11. వాల్ష్‌వి 2, 6, 13. జాన్సన్‌వి 1, 7, 11. జాక్సన్‌వి 1, 0. రెండో ఏడాదే గెలుపులు ఎక్కువ కావాలని ఎవరూ అనరు. బండి కదిలిందా లేదా అన్నదే ప్రశ్న.

కాలేజీలో ఈ గడువు ఇంకా తగ్గించుకోవాలి. "నా సొంత రిక్రూట్లు పెద్దవాళ్లయ్యేదాకా నాలుగేళ్లు ఆగండి" అన్నమాట ఒకప్పుడు న్యాయమే. 2021 నుంచి ఆటగాడు ఒక ఏడాది ఆటకి దూరంగా కూర్చోకుండానే కాలేజీ మారొచ్చు. కోచ్ కర్ట్ సిగ్నెట్టి ఇండియానాకి వస్తూ తన పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి కుర్రాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. 2023లో 3-9గా ఉన్న జట్టు 2024లో 11-2.

లక్షణం: అన్నీ వెంట్రుకవాసిలో ఓడిపోతున్నాం

అందరి కొంపా ముంచేది ఇదే. ఎందుకంటే దీనికి రెండు పూర్తిగా వేరు కారణాలున్నాయి, బయటికి మాత్రం అచ్చం ఒకేలా కనిపిస్తాయి.

మొదటిది దురదృష్టం. ఒక్క స్కోరు తేడాతో (8 పాయింట్లు మించకుండా) తేలే మ్యాచ్‌లలో అదృష్టం పాలు చాలా ఎక్కువ. 2022లో మిన్నెసోటా వైకింగ్స్ అలాంటివి 11 ఆడి 11 గెలిచి 13-4 తెచ్చుకున్నారు. చిత్రమేమిటంటే సీజన్ మొత్తమ్మీద వాళ్లు వేసిన పాయింట్ల కంటే ఇచ్చినవి 3 ఎక్కువ! మరుసటి ఏడాది 7-10. కాబట్టి కొంచెం లెక్కలు తెలిసినవాళ్లు ఏమంటారంటే, దగ్గర్లో ఓడేవాడికి వచ్చే ఏడాది అదృష్టం తిరుగుతుంది, టైమివ్వండి అని. చాలాసార్లు సరైన మాటే.

సరిగ్గా ఆ మాటే నెబ్రాస్కా యూనివర్సిటీని ముంచింది. స్కాట్ ఫ్రాస్ట్ అంటే ఊరి బిడ్డ. 1997లో అదే జట్టుకి క్వార్టర్‌బ్యాక్‌గా జాతీయ టైటిల్ గెలిచాడు, సెంట్రల్ ఫ్లోరిడా కోచ్‌గా 2017 సీజన్‌లో 13 గెలిచి ఒక్కటీ ఓడకుండా ఇంటికి తిరిగొచ్చాడు. 2021లో నెబ్రాస్కా 3-9. తొమ్మిది ఓటముల్లో ఒక్కటి కూడా పది పాయింట్ల తేడాకి వెళ్లలేదు. సీజన్ మొత్తమ్మీద ఇచ్చిన పాయింట్ల కంటే వేసినవే ఎక్కువ. లెక్క ప్రకారం ఇంతకంటే దురదృష్టవంతుడు ఉండడు.

ఇప్పుడు ఆ ఓటముల్ని ఒక్కొక్కటే తెరిచి చూడండి. ఇలినాయ్ మీద: పంట్ పట్టుకోవడంలో తడబడి సేఫ్టీ (అవతలివాళ్లకి 2 పాయింట్లు) ఇచ్చారు. ఓక్లహోమా మీద: ఎక్స్‌ట్రా పాయింట్ కిక్ బ్లాక్ అయింది, అవతలివాళ్లు దాన్ని పట్టుకుని ఈ చివరి దాకా పరిగెత్తి 2 పాయింట్లు తీసుకున్నారు. మిషిగన్ స్టేట్ మీద: నాలుగో క్వార్టర్‌లో 20-13 ఆధిక్యం. కవరేజీ (బంతి పట్టుకునేవాణ్ణి ఆపేవాళ్లు) మొత్తం ఒక వైపుంటే పంటర్ బంతిని రెండో వైపు తన్నాడు. అక్కడ ఖాళీ మైదానంలో జేడెన్ రీడ్ ఒక్కడే ఉన్నాడు, 62 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్. మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో పోయింది. అయోవా మీద: 21-6 ఆధిక్యం నుంచి, పంట్ బ్లాక్ అయి టచ్‌డౌన్ కావడంతో ఆట తిరగబడి 28-21 ఓటమి.

నాలుగు మ్యాచ్‌లు, చిల్లు ఒక్కచోటే. స్పెషల్ టీమ్స్, అంటే కిక్‌లు, పంట్‌లు చూసుకునే విభాగం. దీన్ని దురదృష్టం అనరు.

ఇక యాజమాన్యం ఏం చేసిందో చూడండి. నవంబరు 8న ఫ్రాస్ట్‌ని జీతం తగ్గించి కొనసాగిస్తున్నట్టు ప్రకటించారు. అదే రోజు నలుగురు కోచ్‌లను తీసేశారు, నలుగురూ అఫెన్స్ (దాడి విభాగం) వాళ్లే! అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. అయోవా మీద ఆ పంట్ బ్లాక్ అయింది దీని తర్వాతే, అదే నెల చివర్లో.

2022కి ప్రత్యేకంగా స్పెషల్ టీమ్స్ కోచ్‌ని తెచ్చారు. చిల్లు పూడింది కదా అనుకున్నారు. మొదటి మ్యాచ్ డబ్లిన్‌లో, నార్త్‌వెస్టర్న్ మీద. మూడో క్వార్టర్‌లో 28-17తో ముందున్నప్పుడు ఆన్‌సైడ్ కిక్ (బంతి మళ్లీ తమకే దొరికేలా కావాలని దగ్గరికే తన్నడం) కొట్టించారు. బంతి అవతలివాళ్లకి దొరికింది, అక్కణ్ణుంచి ఊపు వాళ్లదైంది, చివరికి 31-28 ఓటమి. ఆ నిర్ణయం తనదేనని ఫ్రాస్ట్ స్వయంగా చెప్పాడు. అప్పుడు తెలిసొచ్చింది, చిల్లు స్పెషల్ టీమ్స్‌లో కూడా కాదు, దాని పైనున్న కుర్చీలో ఉందని. రెండు వారాల తర్వాత జార్జియా సదర్న్ చేతిలో సొంత మైదానంలో ఓడగానే పంపించేశారు. మొత్తం 16-31, అందులో ఒక్క స్కోరు తేడా మ్యాచ్‌లలో 5-22.

ఇప్పుడు దీని పక్కనే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు డెట్రాయిట్‌ని పెట్టండి. డాన్ క్యాంప్‌బెల్ మొదటి ఏడాది అదే 2021, 3-13-1. బాల్టిమోర్ చేతిలో 19-17: చివరి క్షణంలో జస్టిన్ టకర్ 66 గజాల నుంచి తన్నిన కిక్ క్రాస్‌బార్‌కి తగిలి అవతల పడింది, అప్పటికి ఎన్‌ఎఫ్‌ఎల్ రికార్డు. రెండు వారాల తర్వాత మిన్నెసోటా చేతిలో మళ్లీ 19-17, మళ్లీ ఆఖరి క్షణం, ఈసారి 54 గజాల కిక్. అవతలివాడు 66 గజాల నుంచి కొడితే కోచ్ ఏం చేస్తాడు? ఇది అసలైన దురదృష్టం. 2022లో 1-6తో మొదలయ్యేసరికి మాత్రం చిల్లు నిజంగానే ఉంది, డిఫెన్స్‌లో. సియాటిల్ మీద 45 వేసి కూడా ఓడారు. ఓనర్ షీలా ఫోర్డ్ హాంప్ బయటికొచ్చి కోచ్‌ని సమర్థించింది. ఆ వారం లోపే డిఫెన్సివ్ బ్యాక్స్ కోచ్‌ని తీసేశారు. చిల్లున్న చోటే చెయ్యి పెట్టారు, గమనించండి. సీజన్ 9-8, మరుసటి ఏడాది 12-5, ఆ పైన 15-2.

పరిష్కారం: కాగితం తీసుకుని ఒక స్కోరు తేడా ఓటములన్నీ రాయండి. ప్రతిదాని పక్కన మ్యాచ్ తిరిగిన ఒక్క ఆట రాయండి. అది ఎవరి విభాగంలో జరిగింది, అది పొరపాటా, నిర్ణయమా, అవతలివాడి గొప్పతనమా అన్నది రాయండి. కారణాలు చెల్లాచెదురుగా ఉంటే టైమివ్వండి. ఒకే విభాగం పదేపదే వస్తుంటే, కోచ్ అక్కడ ఏం మార్చాడో చూడండి. మార్చి ఉంటే ఇంకో ఏడాది దండగ కాదు. అన్నీ ఆయన సొంత నిర్ణయాలే అయితే ఎంత టైమిచ్చినా అంతే. పాయింట్ల తేడా చూసి మాత్రమే జాలిపడకండి.

ఇంకో చిక్కుంది, దాచడం ఇష్టం లేదు. ఫ్రాస్ట్ తర్వాత వచ్చిన మ్యాట్ రూల్ కూడా 2023లో చివరి నాలుగు మ్యాచ్‌లూ ఏడు పాయింట్లు మించని తేడాలతోనే ఓడాడు. 5-7. ఆయన్ని ఉంచారు, 2024లో 7-6 వచ్చింది. కొన్ని జబ్బులు కోచ్ మారగానే పోవు.

లక్షణం: తాత్కాలిక కోచ్ రాగానే గెలుస్తున్నాం

మురిసిపోకండి. పాతాళంలో ఉన్న జట్టు ఎవరొచ్చినా కొంచెం పైకి లేస్తుంది. లాస్ వేగాస్ రైడర్స్ 2023లో ఆంటోనియో పియర్స్ చేతిలో 5-4 ఆడితే ఆయన్నే పూర్తి కోచ్‌ని చేశారు. తర్వాతి సీజన్ 4-13, ఆయనా ఇంటికే. 1997 నుంచి 2010 దాకా కాలేజీ ఫుట్‌బాల్ మీద జరిగిన ఓ అధ్యయనంలో తేలిందీ ఇదే తీరు: అట్టడుగున ఉన్న జట్లు కోచ్‌ని మార్చినా మార్చకపోయినా పెద్ద తేడా లేదు, నడిమధ్య జట్లు మారిస్తే ఇంకా దిగజారాయి.

లక్షణం: చిత్తుచిత్తుగా ఓడుతున్నాం, ఆటగాళ్లు చేతులెత్తేశారు

2023 డిసెంబరులో చార్జర్స్ 63-21తో ఓడారు. మర్నాడే కోచ్ బ్రాండన్ స్టేలీ ఔట్. చూడాల్సిందేమీ లేదు.

అరుదైనవి

రిఫరీలు: ఆడలేక మద్దెల ఓడు. షెడ్యూల్ కష్టం: ఒక్క ఏడాదికి చెల్లుతుంది, అంతే. వాతావరణం, ప్రయాణాలు, జెర్సీ రంగు: ఇవి నాకు రాయకండి.

టైమివ్వాలని తేలితే

టైమ్ వేరు, కాంట్రాక్టు వేరు. ఇంకో సీజన్ ఉంచడానికి ఎనిమిదేళ్ల అగ్రిమెంటు అక్కర్లేదు. టెక్సాస్ ఎ అండ్ ఎమ్ 2023లో కోచ్ జింబో ఫిషర్‌ని పంపడానికి ఆయనకి 7.5 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి ఒప్పుకోవాల్సొచ్చింది. నెబ్రాస్కా ఇంకో మూడు వారాలు ఆగితే ఫ్రాస్ట్‌కి ఇవ్వాల్సిన కోటిన్నర డాలర్లు సగమయ్యేవి, ఆ మూడు వారాలు కూడా ఆగలేకపోయింది. ఫ్లోరిడా స్టేట్ అయితే మైక్ నోర్వెల్‌కి 3-6, 5-7 సీజన్లలో ఓపిక పట్టి, 13-1 చూశాక 2031 దాకా కొత్త కాంట్రాక్టు రాసింది. ఆ సంతకం తర్వాతి సీజన్ 2-10.