వారసత్వంగా వచ్చిన స్టఫ్డ్ మోనల్‌కు యాజమాన్య ధ్రువపత్రం: దరఖాస్తు విధానం

పాత బంగళాల్లో గాజు పెట్టెలో నిలబెట్టిన మోనల్, ట్రాగోపాన్, చీర్ ఫెజంట్ లాంటి హిమాలయ పక్షులు ఇంటి పెద్ద పోయాక పిల్లల చేతికి వస్తుంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్కలో టాక్సిడెర్మీ చేసిన, అంటే తోలు పాడవకుండా లోపల నింపి నిలబెట్టిన పక్షి 'ట్రోఫీ'. పైన చెప్పిన మూడూ మొదటి షెడ్యూలు పక్షులే, అంటే చట్టం అత్యధిక రక్షణ ఇచ్చే జాబితాలోనివి. నెమలి కూడా అంతే. పింఛం ఈకలకు మినహాయింపు ఉంది కదా అని స్టఫ్ చేసిన నెమలికీ ఉందనుకోకండి.

వారసత్వంగా వచ్చిన 90 రోజుల్లోపు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు (రాష్ట్రంలో వన్యప్రాణి వ్యవహారాలు చూసే ముఖ్య అధికారి) డిక్లరేషన్, అంటే పక్షి మీ దగ్గర ఉందని రాతపూర్వక ప్రకటన ఇవ్వాలి. తండ్రి పేరిట యాజమాన్య ధ్రువపత్రం ఉన్నా సరే, అది వారసులకు దానంతటదే మారదు. కొన్న పక్షికైతే ఈ దారి లేదు. అప్పటికే దగ్గరున్న పాతవాటిని ప్రకటించడానికి 2003లో ఇచ్చిన 180 రోజుల గడువు ఎప్పుడో ముగిసింది.

డిక్లరేషన్‌తో పాటు మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వీలునామా లేదా పంపకాల కాగితం, పాత ధ్రువపత్రం నకలు పెట్టండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఆలస్యమవుతుందని ఆగవద్దు. తర్వాత ఇస్తామని రాసి, గడువులోపే డిక్లరేషన్ అందజేసి, తేదీ ముద్రతో రసీదు తీసుకోండి. తెలంగాణలో వార్డెన్ కార్యాలయం హైదరాబాద్ సైఫాబాద్‌లోని అరణ్య భవన్‌లో ఉంది. ఒక నకలు జిల్లా అటవీ అధికారికీ ఇవ్వడం మంచిది.

ఎక్కువ దరఖాస్తులు చిక్కుల్లో పడేది వివరాల దగ్గరే. 'పక్షి బొమ్మ - 1' అని రాస్తే తనిఖీలో ఏ పక్షో తేలదు. మగ మోనల్ అయితే తల మీద లోహపు మెరుపుతో పచ్చని తురాయి, రాగిరంగు మెడ, నడుం మీద తెల్లమచ్చ, ఇటుకరంగు తోక, సుమారు 70 సెంటీమీటర్ల పొడవు అని రాయండి. ఆడది గోధుమరంగుది, గొంతు తెల్లగా ఉంటుంది. ముందు, పక్క, వెనక నుంచి స్కేలు పక్కన పెట్టి ఫోటోలు తీయండి. పీఠం అడుగున టాక్సిడెర్మిస్టు లేబుల్ ఉంటే దాన్ని దగ్గరగా తీయండి. పక్షి వయసుకు అదే మంచి ఆధారం కావచ్చు.

తనిఖీ అయ్యేదాకా కడగడం, రంగు వేయడం, పీఠం మార్చడం వద్దు. పాత పక్షుల తోలుకు ఆర్సెనిక్ సబ్బు పూసేవాళ్లు, కాబట్టి ఒట్టి చేతులతో దులపకండి. గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. పెట్టె అడుగున సన్నని పొడి, ఈకల ముక్కలు రాలుతుంటే పురుగు పట్టిందని అర్థం. ఆ స్థితి ఫోటోలో చూపించి డిక్లరేషన్‌లో రాయండి.

అధికారులు నోటీసు ఇచ్చి ఇంటికి వచ్చి, జాబితా తయారుచేసి, గుర్తింపు ముద్ర వేయవచ్చు. ఆ ముద్రను చెరపడం నేరం. పక్షి చట్టబద్ధంగానే చేతికి వచ్చిందని నమ్మితేనే సెక్షన్ 42 కింద ధ్రువపత్రం ఇస్తారు.

అది వచ్చినా అమ్మడానికి వీల్లేదు. పక్షిని వేరే రాష్ట్రానికి తీసుకెళ్తే 30 రోజుల్లో అక్కడి వార్డెన్‌కు తెలపాలి. పిల్లల చదువుకు పనికొస్తుందని స్కూలుకు ఇద్దామనుకున్నా కుదరదు, ఎందుకంటే చట్టంలో మినహాయింపు పబ్లిక్ మ్యూజియాలకూ గుర్తింపు పొందిన జూలకూ మాత్రమే. ధ్రువపత్రం ఉండీ ఇంట్లో ఉంచుకోవడం ఇష్టం లేకపోతే 7 పనిదినాల ముందు నోటీసు ఇచ్చి, సెక్షన్ 42ఎ కింద వార్డెన్‌కు అప్పగించవచ్చు. పరిహారం రాదు, ధ్రువపత్రం అప్పగించిన రోజే రద్దవుతుంది.