మూలన పడిన పాత మంచు ఫొటోకు మళ్లీ ప్రాణం పోయడం ఎలా?

పాత హార్డ్ డిస్క్ తిరగేస్తుంటే ఎప్పుడో తీసి మర్చిపోయిన మంచు ఫొటో ఒకటి బయటపడుతుంది. చూస్తే చీకటిగా, చప్పగా, మాసిన దుప్పటి పరిచినట్టు ఉంటుంది. డిలీట్ చేయకండి, తప్పు మీది కాదు. కెమెరా మీటర్‌కు మంచు అంటే ఏంటో తెలియదు, ఎదురుగా ఏమున్నా సగటున మధ్యస్థ బూడిద రంగుకు రావాలని లెక్కేస్తుంది, ఫ్రేమంతా తెల్లగా కనిపించేసరికి వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. నేనైతే ఇలా మసకగా ఉన్నవాటినే ఏరుకుంటాను. తళతళలాడే ఫొటోల్లో మంచు ఒకసారి పూర్తి తెలుపుకు వెళ్లిపోయి ఉంటే, అక్కడ వెనక్కి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు.

రా ఫైల్ (కెమెరా సెన్సర్ పట్టిన సమాచారం కుదించకుండా ఉంచిన ఫైల్) ఉంటే అదే తీసుకోండి. మామూలు జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగుకు 256 వెలుగు మెట్లే, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384. జేపెగ్ తప్ప ఇంకేం లేకపోతే కాపీ తీసుకుని దాని మీదే పని చేయండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్, డార్క్‌టేబుల్, రాథెరపీ, ఏదైనా ఒకటే. లైట్‌రూమ్‌లో అప్పట్లోనే ఎడిట్ చేసిన ఫొటో అయితే పాత ప్రాసెస్ వెర్షన్‌లో (ఫొటోను లెక్కగట్టే పాత పద్ధతిలో) ఉండిపోయి ఉండొచ్చు, దాన్ని కొత్తదానికి మార్చి, స్లైడర్లన్నీ రీసెట్ చేసి మొదలుపెట్టండి.

వంకర సరిచేయండి, క్రాప్ చేయండి. సెన్సర్ మీది దుమ్ము మచ్చలు మంచు మీదా ఆకాశంలోనూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, వాటిని తుడిచేయండి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపు), అవసరమైతే ఒకటిన్నర పెంచండి. నలుపు 0, పూర్తి తెలుపు 255 అనుకుంటే, ఎండ పడిన మంచు 240 దగ్గర ఆగాలి, 255 తాకకూడదు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

అసలు చిక్కు వైట్ బ్యాలెన్స్‌తోనే, అంటే ఫొటోలో ఏది తెలుపో నిర్ణయించే సెట్టింగ్‌తోనే. చాలామంది చేసేది ఒకటే: ఐడ్రాపర్ (క్లిక్ చేసిన చోటును రంగు లేనిదిగా మార్చే పరికరం) తీసుకోవడం, ‘మంచు తెల్లగా ఉండాలి కదా’ అనుకుంటూ చేతికందిన చోట క్లిక్ చేయడం. ఆ చోటు చెట్టు నీడలో ఉందనుకోండి, అయిపోయింది. నీడలోని మంచు మీద ఎండ పడదు, నీలాకాశం వెలుగే పడుతుంది, అందుకే అది నిజంగానే నీలంగా ఉంటుంది. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంగా ఉంటుంది; మధ్యాహ్నపు ఎండ 5500 కెల్విన్ దగ్గర ఉంటే నీడ 7000 దాటుతుంది. అంత తేడా ఉన్నప్పుడు నీడను తెల్లగా చేశారంటే ఎండలోని మంచంతా పసుపు నీళ్లు చల్లినట్టు అవుతుంది. అది చూసి కంగారుపడి పసుపు తగ్గిస్తారు, తర్వాత నీలం కూడా తగ్గిస్తారు, చివరికి మిగిలేది సున్నం కొట్టిన గోడ. ఆ నీలం పోతే చలి కూడా పోతుందండీ, ఇంక మంచు ఫొటో ఎందుకు?

కాబట్టి ముందు వైట్ బ్యాలెన్స్ 5500 దగ్గర పెట్టండి. ఐడ్రాపర్ వాడాల్సిందేనంటే నేరుగా ఎండ పడిన, పూర్తిగా తెల్లబడిపోని చోటే క్లిక్ చేయండి. నీడల్లో నీలం మరీ గాఢంగా అనిపిస్తే మొత్తం ఫొటో జోలికి వెళ్లకుండా నీలం సాచురేషన్ (రంగు గాఢత) ఒక్కటే ఓ పదిహేను పాయింట్లు తగ్గించండి, అంతకుమించి వద్దు. ఉదయం, సాయంత్రం తీసిన ఫొటోలకు ఐడ్రాపర్ అసలు ముట్టుకోకండి, ఆ బంగారు రంగు కోసమే కదా ఆ చలిలో నిలబడింది! మబ్బు పట్టిన రోజైతే ఈ తలనొప్పి ఉండదు, వెలుగంతా ఒకేలా ఉంటుంది, ఎక్కడ క్లిక్ చేసినా పెద్ద తేడా రాదు.

ఇంకో సంగతి, స్క్రీన్‌కు నైట్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. నేనొకసారి అర్ధరాత్రి దాకా కూర్చుని ఒక ఫొటో ‘పర్ఫెక్ట్’గా సరిచేశాను, స్క్రీన్ పసుపుగా ఉందన్న ధ్యాసే లేదు, దాన్ని సరిదిద్దుతున్నాననుకుని నీలం పెంచుకుంటూ పోయాను. ప్రింట్ వచ్చాక చూస్తే మంచు కాదు, నీలిమందు. నైట్ మోడ్ లేకపోయినా పది నిమిషాలు చూస్తే ఏ రంగైనా కంటికి తెలుపులాగే అలవాటైపోతుంది, మధ్యలో లేచి బయటికి చూసి రండి.

‘వింటర్’ అని పేరున్న ప్రీసెట్లు (ముందే తయారుచేసి పెట్టిన సెట్టింగ్‌లు) ఒక్క క్లిక్‌తో పని అవుతుందంటాయి. వాటికి మీ ఫొటోలో ఎండ ఎక్కడుందో, నీడ ఎక్కడుందో ఏం తెలుసు? పొగమంచు మసక తగ్గించే డీహేజ్ స్లైడర్ కూడా అంతే, దూరపు కొండల మీద కొంచెం చాలు, ఫొటో అంతటా లాగితే మంచు మళ్లీ మాసిపోతుంది. అంచులు పదునుగా చేసే షార్పెనింగ్‌కు మాస్క్ (ఎక్కడెక్కడ వర్తించాలో చెప్పే హద్దు) పెట్టి చెట్లకు, రాళ్లకే పరిమితం చేయండి, లేకపోతే నున్నటి మంచు మీద ఇసుక చల్లినట్టు నాయిస్ తేలుతుంది.

ఆ రోజే ఎక్స్‌పోర్ట్ చేయకండి. మర్నాడు పగటి వెలుతురులో తెరిచి చూడండి, రాత్రి బాగుందనుకున్న నీలం ఎక్కువగా కనిపిస్తే ఇంకో ఐదు పాయింట్లు తగ్గించి, ఎస్‌ఆర్‌జీబీలో (చాలా స్క్రీన్లు వాడే రంగుల ప్రమాణంలో) సేవ్ చేసేయండి.